ముదినేపల్లి కోటలో విషపరీక్ష

ఇందిరాదేవి పిన్నిగారు ముందుగా రుచి చూసి ‘విషం లేదు’ అని ప్రకటిస్తే తప్ప, ఆ ఇంట్లో ఎవరూ ముద్ద నోట్లో పెట్టడానికి వీల్లేదు. వరిచేలూ చేపల చెరువులూ తప్ప మరేమీ లేని ముదినేపల్లిలో మనుషులకి విషం పెట్టేటంత తీరిక ఎవరికుందని మీరడగొచ్చు. నేనూ అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, “నువ్వు ఆదివారం సీరియల్ సరిగ్గా చూడట్లేదమ్మాయ్” అన్నారు.

ఇది తొంభైల మధ్యలో మాట. మావారికి ఆ ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం. పిన్నిగారింట్లోనే పక్క వాటాలో అద్దెకుండేవాళ్ళం. మాకు టీవీ లేదు కాబట్టి ఆదివారం పొద్దున్నే వాళ్ళ హాల్లో చాపమీద సర్దుకు కూర్చునేదాన్ని. ఎప్పటిదో రాజ్యం, ముసలి మహారాజు, కిరీటం కోసం కొట్టుకునే కొడుకులు, అందరినీ ఆడించే భద్రకేతు అనే మంత్రి. అంతా హిందీ. పిన్నిగారికి ‘అచ్ఛా’ తప్ప ఇంకో ముక్క రాదు. అయినా కథంతా ఆవిడే చెప్పేవారు. అదీ పాత్రలకంటే ముందే.

“చూస్తూండు, ఇప్పుడు చిన్నరాణి సేనాపతిని పిలిపిస్తుంది. ముందు ఏడుస్తుంది, తర్వాత ఉంగరం తీసిస్తుంది.”

చిన్నరాణి పిలిపించింది. ఏడ్చింది. ఉంగరం తీసిచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది.

“భాష రాకుండా ఎలా తెలుస్తుంది పిన్నిగారూ?”

“కుట్ర చేసేవాళ్ళ మాటలు వినకూడదమ్మాయ్, కనుబొమ్మలు చూడాలి.”

అప్పట్నుంచీ ఆవిడంటే నాకు భయమూ భక్తీ కలిసిన ఒకలాంటి గౌరవం ఏర్పడింది.

ఒక ఆదివారం భద్రకేతు మహారాజుగారి పాయసంలో విషం కలిపించాడు. ముందుగా రుచి చూసే దాసి ఒక్క చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు తేలేసి, గాజులు ఘల్లుమనేలా పాయసం గిన్నెతో సహా కూలిపోయింది. ఆ పిల్ల పడిన తీరుకి పిన్నిగారు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ భర్త గోవర్ధనరావు బాబాయిగారు పప్పు కలుపుకోబోతుంటే గిన్నె లాక్కుని, ఇంత నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

“ఏంటే ఇది?” అన్నారు బాబాయిగారు.

“విషపరీక్షండీ.”

“నాకు విషం పెట్టేదెవరే?”

“పాపం ఆ మహారాజు కూడా ఇదే మాటన్నాడు.”

“ఆయన మహారాజు!”

“మీరు మాత్రం? చేపల రైతుల సంఘానికి ప్రెసిడెంటు. ఐస్ ఫ్యాక్టరీ రాజారత్నంగారు మీ కుర్చీ మీద కన్నేసి కూర్చోలేదూ?”

రాజారత్నంగారు సంఘంలో ఎదుటి వర్గం నాయకుడు. చీమక్కూడా దారిచ్చి నడిచే మనిషి. ఆ పూటతో మా అందరికీ ఆయన భద్రకేతు అయిపోయాడు.

ఆ ఇంటి అసలు రాజకీయం మాత్రం సంఘంలో లేదు, వంటింట్లో ఉంది. పిన్నిగారబ్బాయి హేమంత్ పెళ్ళాం బిందు తోట్లవల్లూరు పిల్ల. కొత్తగా కాపురానికొచ్చింది. హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదివింది. వంటలో ఆమెకి నమ్మకంగా వచ్చింది గ్యాస్ వెలిగించడం ఒక్కటే. మావగారేమో పులుసు తిని ఆ చేప ఏ చెరువుదో చెప్పగలనని నమ్మే మనిషి. వారం పది రోజులు ఓపిక పట్టి, ఒకనాడు కొడుకుతో అందరికీ వినబడేలా అనేశారు.

“శ్రావణం దాకా చూస్తాన్రా. అప్పటికీ చెయ్యి కుదరకపోతే ఆర్నెల్లు పుట్టింట్లో కూర్చుని వంట నేర్చుకు రమ్మందాం.”

ఆ సాయంత్రం బిందు మా వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. “తిప్పి పంపేశారంటారక్కా ఊళ్ళో. మా నాన్న బయట తలెత్తుకు తిరగ్గలరా?”

సరిగ్గా ఆ రోజులనుంచే భద్రకేతు విజృంభించాడు. ఇవాళ వంకాయ కూరలో విషం, ఎల్లుండి చారులో విషం. పిన్నిగారు ఒక చుక్క నాలుకమీద వేసుకోవడం, “కుట్ర!” అని కేక పెట్టడం, గిన్నె తీసుకెళ్ళి పెరట్లో కుక్కకి పెట్టెయ్యడం. బాబాయిగారు పళ్ళు కొరుక్కుంటూ గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ వేసుకుని లేచిపోయేవారు. ఆవిడ పిచ్చి ఊరంతా పాకింది. కిరాణా కొట్లో సరుకులిస్తూ కూడా, “రుచి చూసి తీసుకెళ్ళండి పిన్నిగారూ” అని నవ్వేవాళ్ళు. ఆవిడ శనగపప్పు నాలుగు బద్దలు నిజంగానే నోట్లో వేసుకునేవారు.

“విషం తిన్న కుక్క ఇంకా బలుస్తోందేంటే?” అని బాబాయిగారు ఒకసారి గట్టిగా నిలదీశారు.

“అలవాటు పడిందండీ. భద్రకేతు కూడా అంతే. రోజూ కాస్త కాస్త తిని ఒంటికి పట్టించుకున్నాడు.”

బాబాయిగారు కండువా దులుపుకుని బయటికి నడిచారు. నేనైతే దణ్ణం పెట్టాలనుకున్నాను.

శ్రావణం దగ్గరపడుతుండగా సంఘం ఎన్నికలొచ్చాయి. గొడవలెందుకని పెద్దమనుషులు రాజీ కుదిర్చి, రాజారత్నంగారిని ఆదివారం బాబాయిగారింటికి భోజనానికి పంపించారు.

“వంట కోడలే చెయ్యాలి. ఇదే ఆఖరి పరీక్ష. రాజారత్నం ముందు నా పరువు పోయిందంటే మర్నాడే తోట్లవల్లూరు బస్సెక్కిస్తాను” అన్నారు బాబాయిగారు.

అరిటాకులు వేశారు. రాజారత్నంగారు మల్లెపువ్వులాంటి తెల్లటి పంచె కట్టుకొచ్చి కూర్చున్నారు. నేను వడ్డనకి సాయం వెళ్ళాను. బిందు కొరమేను పులుసు గిన్నె తెచ్చి అత్తగారి చేతికిచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఇవాళన్నా ఆ వేషాలు ఆపు” అని బాబాయిగారు పళ్ళబిగువున అన్నారు.

పిన్నిగారు వినిపించుకోలేదు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకారు. ఆవిడ నేర్పిన విద్యే కాబట్టి నేను కనుబొమ్మలు చూశాను. రెండూ పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. భద్రకేతు ఎదురుగా ఆకు ముందు కూర్చునున్నాడు. కుట్ర అని అరవడానికి లేదు. ఆవిడ అతిథిని చూశారు, భర్తను చూశారు, గుమ్మంలో ఉన్న కోడల్ని చూశారు. ఆ తర్వాత కళ్ళు తేలేసి, గాజులు ఘల్లుమనేలా, పులుసు గిన్నెతో సహా కూలిపోయారు.

“అయ్యో చెల్లెమ్మా!” అంటూ పంచె నిండా పులుసుతో రాజారత్నంగారే ముందు పరిగెత్తారు. ఆవిణ్ణి ఆయన జీపులోనే ఎక్కించాం. గుడివాడ దాకా పిన్నిగారి తల నా ఒళ్ళోనే ఉంది.

“నిజంగానే విషమండీ! నేనే ఎగతాళి చేశాను!” అని బాబాయిగారు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు.

“నేను పెట్టలేదండీ బాబూ!”

“మీరు కాదండీ, మీరు దేవుడు. ఆ ప్రెసిడెంటు కుర్చీ మీరే తీసుకోండి.”

“నాకెందుకండీ? మీరే ఉండండి.”

అంతకాలం కొట్టుకున్న కుర్చీని దారి పొడుగునా ఇద్దరూ ఒకళ్ళమీదికొకళ్ళు తోసుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు నాడీ బీపీ అన్నీ చూసి, ఏమీ లేదు, నీరసం అన్నారు. మగవాళ్ళు మందులకి వెళ్ళగానే పిన్నిగారు ఒక కన్ను తెరిచారు.

“వెళ్ళారా?”

“పిన్నిగారూ!”

“ఉష్! పులుసేమన్నా మిగిలిందా?”

“ఒక్క చుక్క లేదండీ.”

“బతికించావు. పిచ్చిపిల్ల కంగారులో ఉప్పు రెండుసార్లు వేసేసిందే. సముద్రంలో మునిగినట్టుంది నాకు.”

చారూ, వంకాయ కూరా, బలిసిన కుక్కా ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. విషం దొరికినవన్నీ బిందు వండినవే.

“నేర్పిస్తూనే ఉన్నానమ్మాయ్. కానీ ఆయన దగ్గితే చాలు, దాని చేతిలో ఉప్పుడబ్బా వణుకుతుంది. నన్నూ మా మావగారు ఇలాగే పంపించారు, వంట రాదని. హంసలదీవి పక్కన మా పుట్టింట్లో ఆర్నెల్లున్నాను. వంట వారానికే వచ్చేసింది. పేరంటానికెళ్తే చాలు, ఎప్పుడు తీసుకెళ్తారే అని అడిగేవాళ్ళు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. పిల్లని చూసి నవ్వేకంటే నన్ను చూసి నవ్వుకోనీ ఊరు.”

ఇంత పెద్ద రాజకీయం నడిపిన మనిషిని నేను ఆ సీరియల్లో కూడా చూళ్ళేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అడుగుల చప్పుడికి ఆవిడ కన్ను మూసేశారు.

బాబాయిగారు కొబ్బరినీళ్ళతో వచ్చి మంచం పక్కన కూలబడ్డారు. “ఇందిరా, నువ్వు లేచి కూర్చో చాలు. జన్మలో ఇంక వంటకి వంక పెట్టను.”

“ఎవరి వంటకి?” అని పిన్నిగారు నూతిలోంచి వచ్చినట్టు అడిగారు.

“ఎవరి వంటకైనా.”

“బిందు వంటకి?”

“బిందు వంటక్కూడానే! ఒట్టు!”

పిన్నిగారు లేచి కూర్చుని కొబ్బరినీళ్ళు తాగారు.

మర్నాడు బిందు బెండకాయ వేపుడు చేసింది. సగం మాడింది. బాబాయిగారు విషపరీక్ష కోసం కాసేపు ఆశగా చూశారు గానీ పిన్నిగారు కదల్లేదు. ఆయన మొత్తం తిని, చెంబెడు నీళ్ళు తాగి, “బాగుందమ్మా” అని లేచారు. బిందు గబగబా వంటింట్లోకొచ్చి అత్తగారి ముందు నిలబడింది.

“మళ్ళీ మొదట్నుంచీ నేర్పించండి అత్తయ్యా!”

పిన్నిగారు తీరిగ్గా పీట వాల్చుకుని, తనూ కాస్త మాడు వేపుడు వడ్డించుకున్నారు.

“నేర్చుకుందువుగానిలేవే, తొందరేముంది? ఆయన ఎలాగూ తింటారు” అన్నారు.