కంది రాశి కాడ పది నిమిషాలు

పోయిన పుష్యమాసం, అమాసకు ముందటి మంగళవారం, పొద్దుగాల తొమ్మిది గంటల పది నిమిషాలకు మా కళ్లంల నూర్పిడి మిషన్ ఆగింది. అక్షరాలు, గడియారం రెండూ నాకు అరవై దాటినంకనే వచ్చినయి. అందుకే నిమిషాలు సుత ఇడువకుండ రాస్త.

మిషన్ నడిపేది నా మనుమడు. ఆడపిల్లగా పుట్టిండు, మొగోనిగ బతుకుతుండు. కటింగు ఖేడ్ టౌన్ల మొగోళ్ల దుకాణంలనే చేయిస్తడు. "బాపూ, కొడుకా అని పిలువే" అని మూడేండ్ల సంది అడుగుతుండు. వాళ్ల బాపు, అంటే నా పెద్దకొడుకు, "పోరీ" అనుడు మానలే.

ఆ పొద్దు మనుమడు మిషన్ ఆపి, బండి మీదికెళ్లే నా దిక్కు వంగి, "నాయినమ్మా, నెలొచ్చింది. నడుము గుంజుతుంది" అన్నడు. మెల్లగనే అన్నడు. కోడలి చెవిల పడ్డది. ఆడికెళ్లి మొగుని దాకా పోనీకి బీడీ ముట్టిచ్చినంత సేపు పట్టలే.

"ముట్టున్నోళ్లు రాశి కాడ ఉండొద్దు. దిగు పోరీ," అన్నడు నా కొడుకు. చెప్పులిడిసి, రాశికి దండం పెట్టి మరీ అన్నడు.

మనుమడు దిగి గట్టు మీద కూసున్నడు. కుప్ప ఇంకా సగం ఉన్నది. నాగల్‌గిద్ద దిక్కు నల్లటి మబ్బు లేసింది. ఇంకో డ్రైవర్‌కు ఫోన్ కొడితే సాయంత్రం దాక రానన్నడు. నా కొడుకు మబ్బును చూసిండు, కందులను చూసిండు, నన్ను చూసిండు.

"నన్నేంది చూస్తవ్? ఆడిదైతే రాశి కాడికి రావద్దంటివి. మొగోడైతే మొగోనికి ముట్టేందంటవ్. ఏదో ఒకటి తేల్చుకో, మబ్బు ఆగదు," అన్న.

మొదటి చినుకు వాని బట్టతల మీదనే పడ్డది.

"కొడుకా," అన్నడు, "జర బండెక్కు."

మూడేండ్లు బతిమాలితే రాని మాట. ఏ దేవునికి మొక్కినా ఇంత జల్దీ రాకపోయేది.

మనుమడు లేవలే. "కొడుకునే. ముట్టైన కొడుకును. పది నిమిషాలు నడుము వాల్చి ఎక్కుత. కందులు ఇంట్ల పడ్డంక గూడ గట్లనే పిలుస్తవా?"

"పిలుస్త తీ."

"గట్టిగ అను. అమ్మకు ఇనవడాలె."

"కొడుకా, పిలుస్త," అన్నడు. కూలికొచ్చిన కైకిలోళ్లు సుత తలెత్తి చూసిండ్రు.

పది నిమిషాలు నేనే గడియారం పట్టుకొని కూసున్న. తొమ్మిది నిమిషాలకే నా కొడుకు "అయిందా?" అన్నడు. "ఇంకోటి ఉన్నది," అన్న.

మనుమడు బండెక్కి, వాన గట్టిగ పట్టకముందే కుప్పంత నూర్చిండు. కందులు తడవలే. రాశి మైలవడలే. నా కొడుకు రేపు మాట తప్పకుండ రాసి పెడుతున్న, ఆ పొద్దు కళ్లంల ఉన్నోళ్లు వీళ్లు: నేను, నా కోడలు, ఇద్దరు కైకిలి ఆడోళ్లు (అండ్ల ఒకామెకు గూడ నెలొచ్చిందట, కూలి పోతదని చెప్పలే), నా పెద్దకొడుకు, వాని కొడుకు.