దర్శి దారిలో గొర్రెపిల్ల దాహం

కనిగిరి కొండకోట చూడాలని రిటైరయిన నాటి నుంచి అనుకుంటున్నాను. తోడు వస్తామన్నవాళ్లంతా ఎండ వంక పెట్టి ఎగ్గొట్టారు. విసుగొచ్చి ఒక్కదాన్నే కారు మాట్లాడుకున్నాను. రానుపోను నాలుగువేల ఎనిమిది వందలు, టోల్ అదనం. ఉదయం ఆరుంబావుకు బ్రాడీపేటలో బయలుదేరి, చిలకలూరిపేట మీదుగా ఎనిమిదింటికి అద్దంకి చేరాం. ఇద్దరికీ ఇడ్లీ, కాఫీ నూట నలభై. చట్నీలో ఉప్పెక్కువైందంటే, “ఎండలకి మంచిదేనండీ” అన్నాడు వడ్డించినవాడు. ఏం చెబుతాం!

పదింటికి దర్శి దాటగానే గొర్రెల మంద రోడ్డు నిండా అడ్డం వచ్చింది. డ్రైవరు సుబ్బారావు హారన్ మీద చెయ్యి తియ్యడు.

“ఆపవయ్యా! అవేమన్నా లైసెన్సు పుచ్చుకుని రోడ్డెక్కాయా?”

“ఇట్టాగైతే కనిగిరి రేపు చేరతామండీ.”

ఇంతలో ఒక గొర్రెపిల్ల తారు మీదే కూలబడి నాలుక వేలాడేసింది. కారు దిగాను. పక్కనే మిరపచేను గట్టు మీద నీలం డ్రమ్ము, నిండా నీళ్లు. కాపరి అటు చూడనైనా చూడడం లేదు. నాకు ఒళ్లు మండింది.

“ఎదురుగా నీళ్లు పెట్టుకుని మూగజీవి నోరెండబెడతావా? పాపం కాదూ?”

అతను నోరు తెరిచేలోగా, డ్రమ్ము మీది డబ్బాతో నీళ్లు ముంచి పిల్ల మూతి దగ్గర పెట్టాను. అతను ఒక్క దూకు దూకి డబ్బాను కర్రతో కొట్టాడు. నీళ్లన్నీ నా చేతుల మీద పడ్డాయి.

“మిరపకి కొట్టే మందు కలిపారమ్మా అందులో! నిరుడు నాయి పదకొండు జీవాలు ఇట్టాగే పోయినయి. నీళ్లు కనపడితే చాలా, మామ్మగారూ? అడగబళ్లా?”

తిడుతూనే, తన సీసాలో మిగిలిన కాసిని నీళ్లతో నా చేతులు కడిగాడు. అతని పెదాలు ఎండకు పగిలి ఉన్నాయి.

సుబ్బారావును ముందున్న ఊరికి తరిమి రెండు క్యాన్ల మంచినీళ్లు తెప్పించాను. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ కాపరి తన నీడ పిల్ల మీద పడేలా నిలబడ్డాడు. పిల్ల తాగి లేచాకే తను తాగాడు. కనిగిరి చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. కోటను కొండ కింద నుంచే చూసి వెనుదిరిగాను.

ముప్పై రెండేళ్లు బడిలో జీవకారుణ్యం పాఠం చెప్పాను. రోజూ ఆ జీవాల వెంట నడిచేవాణ్ణి ఒక్క మాట అడగాలన్న బుద్ధి మాత్రం లేకపోయింది. జాలి నా ఒక్కదాని సొత్తనుకున్నాను. ఈ దారిన వెళ్లేవారికి ఒకటే మాట: చేలగట్ల మీది డ్రమ్ముల్లో నీళ్లు మీరు ముట్టుకోకండి, పశువులకు పెట్టకండి. కారులో ఒక క్యాను మంచినీళ్లు ఉంచుకోండి. అవి పోసేది కూడా కాపరిని అడిగాకే.