పుత్తూరు కట్టు, ఐదో స్థానం

మా జట్టు గెలుస్తుందో లేదో లెక్కగట్టడం నా పని. ఆడేవాళ్ళు నలుగురు, ఐదోవాణ్ణి నేను. వాళ్ళలో ఎవరికైనా జ్వరమొస్తే ఆడాలి, లేకపోతే ఎదుటి జట్ల పాత ఆటలు చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. రెండేళ్ళలో ఒక్కడికీ జలుబు కూడా చెయ్యలేదు.

ఆట తెలియనివాళ్ళకి చెప్పాలంటే ఇంతే. ఫోన్లలో పదహారు జట్లు ఒక దీవి మీద దిగి ఒకరినొకరు కాల్చుకుంటాయి. నిలబడగలిగే చోటు ఒక వలయం. అది చిన్నదవుతూ పోతుంది, బయట చిక్కినవాడు చస్తాడు. అది ఎటు ముడుచుకుంటుందో ముందే పసిగట్టడం ఒక విద్య, మా నాయకుడికి అది పుట్టుకతో వచ్చింది. చంద్రగిరిలో వేరుశనగ వ్యాపారం చేసే ఇంటివాడు. వాళ్ళ గోడౌను మీది గదిలోనే మా సాధన.

బెంగళూరు పెద్ద పోటీకి ఎంపికైనప్పుడు మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. మిగతా జట్ల చొక్కాల నిండా కంపెనీల పేర్లు, మా చొక్కాల మీద ఇస్త్రీ మడతలు. నేను వారమంతా వాళ్ళ ఆటలు చూశాను. పెద్ద జట్లన్నీ దీవి నడిమధ్యకే పరిగెత్తి కొట్టుకుంటాయి. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు, చిన్న జట్లు కూడా అక్కడికే పోయి నలిగిపోతాయి. మేం అంచు వెంబడి పోయి, మావాడు వలయాన్ని సరిగ్గా పసిగడితే, ఫైనల్‌కి వెళ్ళే నాలుగు జట్లలో ఒకటి మాది. అలాగే రాశాను. దాని కింద, అతను లేకపోతే కష్టమని కూడా రాశాను.

పోటీ పన్నెండు రోజులుందనగా ఏర్పేడు దగ్గర బండి మీంచి పడి అతను కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మా వైపు ఎముక విరిగితే ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు, పుత్తూరు పోతారు. వాళ్ళ నాయనతో పాటు నేనూ వెళ్ళాను. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టారు.

"మూడు కట్లు పడాల. మద్దెలో ఇప్పినావంటే సెయ్యి వంకర నిలస్తాది. మళ్ళా నా కాడికి రావద్దు," అన్నాడు కట్టు కట్టిన పెద్దాయన.

రెండో కట్టు వేయించుకొచ్చిన సాయంత్రం గోడౌను మెట్ల మీద అతను నన్ను అడిగాడు.

"నిజం సెప్పబ్బా. మనకి ఛాన్సు ఉండాదా? ఉండాదంటే ఈ కట్టు ఈపొద్దే కోసేస్తా. సెయ్యి ఎట్లన్నా పోనీ."

నోటుబుక్కు నా చంకలోనే ఉంది.

"లేదప్పా," అన్నాను. "నువ్వు ఆడినా పదో స్థానం దాటము."

"అంతేనా?"

"అంతే."

అతను కాసేపు కట్టు వైపు చూసుకుని, "అయితే నువ్వే ఆడు," అన్నాడు.

బెంగళూరులో అతని కుర్చీలో కూర్చున్నాను. రెండేళ్ళు ఎదురుచూసిన చోటు. ఏమీ అనిపించలేదు. ఆడే నలుగురితో బయటివాళ్ళెవరూ మాట్లాడకూడదని నియమం, అందుకని అతన్ని ఇంటి దగ్గరే వదిలేశాం. అంచు వెంబడే పోయాం, నా లెక్క పనిచేసింది. అప్పటిదాకా ఆడిన ఆటల పాయింట్లన్నీ కలిపితే, చివరి ఆట మొదలయ్యేసరికి నాలుగో స్థానంలో ఉన్నాం. ఆఖర్న వలయం చెరువు వైపా గుట్ట వైపా అని మావాళ్ళు అడిగితే గుట్ట అన్నాను. చెరువు వైపు ముడుచుకుంది. ఐదో స్థానంతో ఇంటికొచ్చాం.

"మావోడు టీవీ ముందర కూసోని, సెరువు కాడికి పోండి, సెరువు కాడికి అని ఒగటే అరిసినాడబ్బా," అన్నాడు వాళ్ళ నాయన. అతను మాత్రం నా భుజం తట్టాడు. "పది దాటమన్నావు, ఐదు తెచ్చినావు గదప్పా!"

అతని చెయ్యి కోసమే అబద్ధమాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ మాట అన్నప్పుడు నేను కట్టు వైపు చూడలేదు. పైన గది తలుపు తెరిచి ఉంది, అతని కుర్చీ ఖాళీగా కనబడుతోంది, దాన్ని చూశాను. సిగ్గుపడాల్సిన సంగతే. ఎంత తవ్వుకున్నా సిగ్గు రాదు.

కట్టు విప్పాక అతను మళ్ళీ ఆడలేదు. మనకంత లేదని నువ్వే తేల్చినావు గదా అని నవ్వేసి, వ్యాపారంలో కూర్చున్నాడు. నేను నిజం చెప్పబట్టే కొడుకు చెయ్యి నిలిచిందని వాళ్ళ నాయన ఊరంతా చెబుతాడు. ఏటా పంట రాగానే నాకు ఒక మూట వేరుశనగ ఇస్తారు. తెచ్చుకుంటాను, ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తింటాను.

పోయిన నెల మూట కోసం వెళ్ళినప్పుడు అతనే అడిగాడు. "ఆ నోటుబుక్కు ఉండాదా? ఊరికే, ఒగసారి సూద్దామని."

"అప్పుడే బస్సులో పోయిందప్పా," అన్నాను. అది మా బీరువాలో ఉంది.

"పోతే పోనీలే," అని మూటను ఆ కుడిచేత్తోనే ఎత్తి నా బండి మీద పెట్టాడు. మణికట్టు ఎక్కడా వంకర లేదు.