ముందు కూర్చునే మనిషి

పిచ్చాటూరు దాటి నాగలాపురం దారి పట్టిన రాజారత్నానికి ఆ ఉదయం రోడ్డు పక్కన ఒక పుట్టి నడిచిపోతూ కనిపించింది. నడవడమంటే నిజంగా నడవడమే. కింద రెండు కాళ్లు, పిక్కల దాకా దుమ్ము, పైకి ఎగ్గట్టిన పంచె. ఆ పైన తారు పూసిన నల్లటి గుండ్రటి డొప్ప. తాబేలు లేచి నిలబడి పొరుగూరికి బయల్దేరితే ఇట్లాగే ఉంటుందేమో అనుకుంటూ అతను మినీ లారీని పక్కకు తీసి ఆపాడు.

పుట్టి చూడనివాళ్లు ఈ కాలంలో చాలామందే ఉంటారు. వెదురు బద్దలతో గంపలాగా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్ట కప్పి తారు పూస్తే తయారయ్యే పడవ అది. వెనకటి రోజుల్లో పట్టకు బదులు ఎద్దుతోలు ఉండేది. తుంగభద్రలోనూ కావేరిలోనూ ఈ గంపలు తిరుగుతాయి. ఎక్కడో అరబ్బుల దేశంలో టైగ్రిస్ నది మీద కూడా ఇలాంటివే తిరిగేవని పాత ప్రయాణికులు రాసిపెట్టారు. మనిషికి నీళ్లు దాటాలనే కోరికా, చేతికి అందేంత దూరంలో కాసిని పుల్లలూ ఉంటే చాలు, ఏ దేశంలోనైనా బుర్ర ఒకేలా పనిచేస్తుందన్నమాట. అయితే గుండ్రటి దానికి ముందూ వెనకా ఉండవు కదా. పుట్టిలో తెడ్డు పట్టుకున్న మనిషి ఏ వైపు కూర్చుంటే అదే ముందు. ఆ మనిషి లేచి అటు పక్కకు పోతే ముందు కూడా లేచి ఆ పక్కకు పోతుంది.

"ఏమప్పా, గుడిసె నెత్తిన పెట్టుకోని యాడికి పోతాండావు?" అని అరిచాడు రాజారత్నం.

పుట్టి ఒక పక్కకు లేచింది. దాని కింద నుంచి నెరిసిన గడ్డం, ఎండకు చికిలించిన కళ్లు బయటపడ్డాయి.

"తడకి."

"తడకా! నువ్వు నడిసి పోయేలోగా ఆడ సరస్సే ఎండిపోతాది. బస్సుకేమొచ్చింది?"

"ఎక్కినానప్పా. దీనికీ టికెట్టు కొట్టల్ల అన్నాడు కండక్టరు. కొట్టు, అట్లయితే దీనికీ సీటు సూపీ అన్నాను. బస్సంతా నవ్వినారు. ఆయనకి రోసమొచ్చి దింపేసినాడు."

పుట్టి లారీ వెనక ఎక్కింది. మనిషి ముందు ఎక్కాడు. పేరు చెంగయ్య. పిచ్చాటూరు డ్యాములో చేపలు పట్టుకొని బతికేవాడు.

రాజారత్నం వడమాలపేటవాడు. వారం వారం ఖాళీ బండితో తడ వైపు పోయి, ఎండు చేపల మూటలు వేసుకొని పుత్తూరుకు తిరిగొస్తాడు. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే అతనికి బండి నడిపినట్టే ఉండదు. దారిలో చెయ్యెత్తిన ప్రతివాడినీ ఎక్కించుకుంటాడు, రూపాయి అడగడు. దిగేటప్పుడు తలుపు పట్టుకొని "వస్తానప్పా" అంటే చాలు, అదే కిరాయి. ఒకసారి ఎవరో ఆసామి ఆ మాట అనకుండా దిగిపోతే పుత్తూరు దాకా గొణుక్కుంటూ పోయాడని చెప్పుకుంటారు.

"దీన్ని ఇచ్చేసి వేరేది తెచ్చుకోవల్ల," అన్నాడు చెంగయ్య వెనక ఉన్న పుట్టిని బొటనవేలితో చూపిస్తూ. "ఒంటి మనిషి తోసుకొనేది."

"ఇన్నాళ్లూ జంటగా పోతాంటివా?"

"మా సిద్ధమ్మ, నేను. ఆమె ముందర తెడ్డేస్తాది. నేను ఎనక వల వదులుతాను. మా తట్టు అందురూ అంతేలే, మొగుడూ పెండ్లాం."

పిచ్చాటూరు డ్యాము మీద అది వాడుక. పెళ్లయిన కొత్తలో అత్తగారు కోడలికి వంటిల్లు చూపించినట్టే, మామగారు తెడ్డు చేతికిచ్చి నీళ్లు చూపిస్తాడు. ఎక్కడ ముళ్లకంప మునిగి ఉందో, ఏ గాలికి ఏ వైపు తిప్పాలో చూసుకొనే పని ఆడమనిషిది. మగవాడికి వల తప్ప మరో ధ్యాస ఉండదు. చెంగయ్య మీసం మొలిచినప్పటి నుంచి గడ్డం నెరిసేదాకా సిద్ధమ్మ వీపు చూస్తూ చేపలు పట్టాడు.

పోయిన ఎండాకాలంలో సిద్ధమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు కొంచెం తిరిగొచ్చింది గానీ చెయ్యి మాత్రం రాలేదు. ఇప్పుడు వానలకు డ్యాము నిండింది. ఈసారి కూడా వల వెయ్యకపోతే చేపల సంఘంలో అతని వంతు మరొకరికి పోతుంది. అల్లుడు దామలచెరువు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని మాట్లాడిపెట్టాడు. ఒంటిగా పట్టే దారి దొరక్కపోతే ఆ పనికి పోవాలి.

"గేటుకాడ కుర్చీ ఏసి కూర్చోబెడతారంట. నీడంట. టీ కూడా ఇస్తారంట," అన్నాడు చెంగయ్య, జైలు గురించి చెబుతున్నట్టు.

"పుట్టి ఒంటిగా తోలలేవా?"

"తెడ్డేస్తే వల జారిపోతాది. వలేస్తే పుట్టి గిర్రుమని తిరగతాది. మొన్న తిరిగి తిరిగి నా వల్లో నేనే సుట్టుకున్నాను. గట్టు మీద కూర్చోని మా ఆడది పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఆఖరికి 'ఒంటిగా పొయ్యేది తెచ్చుకోపోవయ్యా' అనింది." వెనక్కి తిరిగి పుట్టి వైపు చూశాడు. "అనేసి అట్లా తిరిగి పడుకునింది."

సురుటుపల్లె వచ్చింది. చెంగయ్య గుడి వైపు చేతులు జోడించాడు. అన్నిచోట్లా లింగంగానో నిలబడో ఉండే శివుడు ఆ ఊళ్లో పడుకొని ఉంటాడు. విషం మింగి తూలిపోయి, అమ్మవారి ఒడిలో తల పెట్టుకున్నాడని కథ. లోకాన్ని కాపాడినవాడికీ ఆ పూట ఆనుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. చర్చికి పోయే రాజారత్నానికి కూడా ఆ కథ ఇష్టమే. అందుకే ఏమీ అనకుండా గుడి దాటేదాకా బండి నెమ్మదిగా పోనిచ్చాడు.

సత్యవేడు మీదుగా తడ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పులికాట్ సరస్సు ఒడ్డున ఇమ్మానుయేల్ అనే అతను పాత పడవలు బాగుచేసి అమ్ముతుంటాడు. సునామీ వచ్చిపోయిన రెండో ఏడు అది. ఎవరెవరో దాతలు పంచిన ఫైబరు పడవలు అవసరం లేనివాళ్ల చేతుల్లో కూడా పడి, చేతులు మారుతూ అతని పాక ముందుకు చేరాయి. రంగులు వెలిసిన వాటి నడుమ నల్లటి పుట్టిని దించేసరికి అక్కడున్నవాళ్లంతా మూగారు.

ఇమ్మానుయేల్ మొదట థర్మాకోల్ తెప్ప చూపించాడు. చెంగయ్య దాని మీద కూర్చొని, నడుం దాకా తడిసి లేచాడు. "దినమంతా నీళ్లలో నానితే నేనే సేప నవుతాను," అన్నాడు. ఇంజను పెట్టే పెద్ద పడవ వైపు చూడనే లేదు. ఆ తర్వాత వెడల్పు తక్కువైన చెక్క దోనె ఎక్కాడు. అది ముక్కు పైకెత్తి, గాలికి పక్కకు పోయి, ఒడ్డుకు అడ్డంగా వచ్చింది.

"బాగలేదు."

"ఇది సూడన్నా," అంటూ ఇమ్మానుయేల్ పాక చాటు నుంచి ఒక చిన్న పడవ లాగించాడు. తెల్లటి ఫైబరు, రెండు బార్లకు మించని పొడవు. విచిత్రం ఏమిటంటే దాని నడిమధ్యన బల్లంత ఎత్తు పెట్టె ఒకటి బిగించి ఉంది. "మద్రాసు షావుకారు ఒకాయన గాలం ఏసుకోవడానికి చేయించుకున్నాడు. ఒంటిగా. ఈ పెట్టె ముందర చుక్కాని చక్రం కూడా ఉండేది. ఆయనకి మోజు తీరిపోయింది, చక్రం ఎవురో ఎత్తుకోనిపోయినారు. పెట్టె మీద కూర్చో. రెండు పక్కలా చెయ్యి అందుతుంది, వల ఏ పక్క నుంచైనా వదులుకోవచ్చు."

చెంగయ్య ఎక్కాడు. పెట్టె దాటుకొని పోయి వెనక అంచున కూర్చున్నాడు. పడవ ముక్కు ఆకాశానికి లేచింది.

"ఇదీ బాగలేదు."

పడవల సంగతి ఏమీ తెలియని రాజారత్నానికి కూడా అప్పుడు అర్థమైంది. ఏ పడవ ఎక్కినా ఆయన పోయి వెనకే కూర్చుంటున్నాడు.

"మధ్యలో కూర్చోమంటిని గదన్నా!" అన్నాడు ఇమ్మానుయేల్.

"మధ్యలో కూర్చుంటే ముందర?"

"ముందర ఏముంది? ఖాళీ."

"ముందర మనిసి ల్యాకుండా పడవ ఎట్ల పోతాది?" చెంగయ్య నిజంగానే అడిగాడు. అతనికి తెలిసినంతలో మనిషి లేని చోటు ముందు కానే కాదు.

ఇమ్మానుయేల్ ఓపికస్తుడు. వాదించకుండా ఇసుక నింపిన గోనెసంచి తెచ్చి పడవ ముందు భాగంలో కుదేశాడు. "ఇదో, ఆయమ్మ కూర్చునింది అనుకో. పో."

పడవ సమానంగా నిలిచింది. చెంగయ్య మొహం విప్పారింది. పుట్టిలోంచి తెచ్చుకున్న సిద్ధమ్మ తెడ్డు వేసుకుంటూ ఒడ్డు విడిచాడు. కొంతదూరం తిన్నగానే పోయాడు. సముద్రం వైపు నుంచి గాలి తోలింది. పడవ పక్కకు మళ్లి, కర్రలు పాతి కట్టిన ఎవరివో వలల మీదికి కొట్టుకుపోసాగింది.

"ఎడంకి! ఎడంకి తిప్పే!" నీళ్ల మీది నుంచి చెంగయ్య కేక స్పష్టంగా వినిపించింది. "సూస్తా కూర్చున్యావే! నిద్దర పోతాండావా?"

ఒడ్డున అంతా గొల్లుమన్నారు. రాజారత్నానికీ నవ్వు వచ్చింది గానీ సగంలో ఆగిపోయింది. ఆయన కేకేసింది గోనెసంచిని చూసి.

పడవ కర్రలకు తగిలి ఆగింది. చెంగయ్య కదల్లేదు. వలల మీద కాకులు రెండు లేచి మళ్లీ వాలాయి. ఇమ్మానుయేల్ చేతులు నోటికి అడ్డంపెట్టుకొని పిలవబోతే రాజారత్నం అతని భుజం పట్టుకొని ఆపాడు.

చివరికి చెంగయ్య లేచి ముందుకు పోయాడు. సంచి మూతి ముడి విప్పి, పక్కకు వంచి, ఇసుకంతా నీళ్లలోకి పారబోశాడు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి పెట్టె మీద పరుచుకొని దాని మీద కూర్చున్నాడు. మధ్యలో. పడవ ఒక్కసారి ఇటూ అటూ ఊగి నీళ్ల మీద చదునుగా ఆనింది. అతను కుడి పక్క ఒక పోటు, ఎడమ పక్క ఒక పోటు వేస్తూ, గాలి వచ్చినప్పుడు ఆగి చూసుకుంటూ, కొత్త చెప్పులు వేసుకున్నవాడిలా జాగ్రత్తగా ఒడ్డుకు వచ్చాడు.

"ఇదే," అన్నాడు దిగుతూ.

"బాగుంది గదా?" అని పళ్లికిలించాడు ఇమ్మానుయేల్.

"బాగుండాది. సంచి కూడా నాకే."

బేరం తొందరగానే కుదిరింది. పుట్టి ఇమ్మానుయేల్ పాక ముందు బోర్లా పడింది. దాని కింద అప్పుడే ఒక కుక్క దూరింది. సిద్ధమ్మ తెడ్డు మాత్రం చెంగయ్య ఇవ్వలేదు. "ఇది దీంతో పాటు వొచ్చింది కాదు," అన్నాడంతే.

తిరుగుదారిలో ఎండు చేపల మూటల మీద పడవను ఎక్కించి మోకులతో కట్టారు.  సురుటుపల్లె దగ్గర చెంగయ్య మళ్లీ చేతులు జోడించాడు, అంతే. మిగతా దారంతా రాజారత్నం తనంతట తనే ప్రశ్న వేసి, తనే జవాబు చెప్పుకుంటూ, మధ్యలో తన మాటకు తనే నవ్వుకుంటూ బండి నడపాల్సి వచ్చింది.

ఎండ పచ్చబడే వేళకు డ్యాము గట్టు చేరారు. గట్టు మీద రాతి దిమ్మెకు ఆనుకొని ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడేసుకొని ఎడమ చేత్తో కర్ర పట్టుకుంది. పడవ దించుతుంటే లేచి, కాలీడ్చుకుంటూ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. కర్రతో అడుగున కొట్టి చప్పుడు వింది.

"తెల్లంగుండాది. సేపలు జడుసుకుంటాయి."

"తారు పూస్తాలే," అన్నాడు చెంగయ్య.

"పుట్టికి మల్లే కాదే. దీనికి మూతి ఉండాది." కర్ర కొనతో పెట్టె తట్టింది. "నువ్వు యాడ కూర్చుంటావు?"

చెంగయ్య కష్టపడి పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "ఈడ."

సిద్ధమ్మ ఆ పెట్టెనూ, దాని మీది గోనె మడతనూ, ముందున్న ఖాళీనీ మార్చి మార్చి చూసింది.  ఆమె పడవ అంచు మీద ఎడమ చెయ్యి ఆనించి, ముందు భాగం ఎంత లోతు ఉందో వంగి చూసింది.

"వల ఈడ ఎయ్. నా సోట్లో," అంది. "ఖాళీగా పెట్టొద్దు, మూతి గాలికి లేస్తాది. పోతే పెద్ద వల ఎత్తుకోనిపో, ఇంత జాగా ఉండంగా సిన్నది దేనికి?"

"ఇప్పుడేనా?"

"ఇంగేం, ముహూర్తం పెట్టల్లనా? పొద్దు గూకేలోగా ఒక సుట్టు ఏసిరా. తూరుపు మూల కంప ఉండాది, మరిసిపోతావు. నేనీడనే నిలబడి కేకేస్తాలే."

దిమ్మె వెనక నుంచి వల బయటికి వచ్చింది. పొద్దున్నే తెప్పించి పెట్టుకున్నట్టుంది, పెద్దదే. చెంగయ్య దాన్ని పడవ ముందు భాగంలో కుప్పగా వేశాడు. పక్కన ఆమె తెడ్డు పెట్టాడు. మోకు కొస నడుముకు చుట్టుకొని, ముందుకు వంగి, దూడను తోలుకుపోయినట్టు పడవను గట్టు దిగువకు లాక్కుపోసాగాడు.

రాజారత్నం బండి తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, కిరాయి కింద ఆ ఒక్క మాట అంటాడు అనుకున్నాడు. చెంగయ్య తిరగలేదు. సిద్ధమ్మ కూడా నీళ్ల వైపే చూస్తోంది. అప్పుడే ఆమె కర్ర పైకి లేచింది.

"ఎడంకి, ఎడంకి! ఆ రాయి కనపళ్లేదా?"

పడవ ఎడమకు మళ్లింది. గడ్డి మీద దాని అడుగు రాసుకునే చప్పుడు దిగువకు, ఇంకా దిగువకు పోయింది.