నాన్నకు పెట్టిన కూర

ఆ మధ్యాహ్నం పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నవాళ్లం: అమ్మ, అన్న, వదిన, నేను. ఉన్నవి: ముదురు నాటుకోడి మాంసం, కారం, అల్లం, ఆకుదొప్పలు, అమ్మ దాచిన ఇప్పసారా, అన్న తెచ్చిన ఇంకో సీసా.

ఏటా నాన్న పోయిన రోజున మా ఇంట్లో కోడికూర వండుతాం. ముందుగా ఒక దొప్పెడు ఇప్పసారా పందిరి గుంజ మొదట్లో నాన్న పేరున పోస్తాం. మిగిలింది కూరలో పడుతుంది. ఆ సారాలో ఉప్పూ ఉండదు, చక్కెరా ఉండదు. ముదురు మాంసానికి మంచి వాసన ఇస్తుంది, అంతే.

జగదల్‌పూర్‌లో హోటల్ వంటవాడైన అన్న, సారా ముట్టనని ఒట్టేసి మెడలో తులసిపూసల కంఠీ కట్టించుకున్నప్పటి నుంచి సారా పడిన కూర ముట్టడు. కిందటేడు ఆ రోజున వచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఈసారైనా పెద్దకొడుకు నాన్న పేరున పెట్టే అన్నం తినాలి. అమ్మకు కావలసింది అదొక్కటే.

"గా సారా పక్కన పెట్టమ్మా. కూరల ఇది పొయ్యి," అన్నాడు అన్న, సీసా అందిస్తూ.

"ఏందిరా ఇది?"

"కుకింగ్ వైన్. మా హోటల్ల చికెన్‌ల ఇదే పోస్తం. తాగేది కాదు, ఖాళీ వంటకే."

"వైన్ అంటే తాగేదే గద?" అంది వదిన.

"ఉప్పు కలుపుతరే దీంట్ల! ఎవడు తాగుతడు?"

"మీ నాయనైతే ఉప్పున్నా తాగేటోడు," అంది అమ్మ.

అందరం నవ్వాం. "తమ్మీ, నువ్వు చదివినోనివి, అమ్మకు చెప్పు," అన్నాడు అన్న.

ప్లాంటు ల్యాబ్‌లో పనిచేస్తాను. ఏ సీసా చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చదువుతాను. అమ్మ మూత తీసి సీసా నాకిచ్చింది. బియ్యం, నీళ్లు, గోధుమలు, ఉప్పు. ఆ కింద ఆల్కహాల్, దాని శాతం. అది చదివి తలెత్తేసరికి అమ్మ తన చేతిలోని మూత వాసన చూస్తోంది. నా వైపు చూసి, నా చేతిలోంచి సీసా తీసుకుంది.

"చదువుడెందుకురా? కూరల పడేదే గద," అంది.

నేను పొయ్యిలోకి కట్టె ఎగదోశాను.

"మరి మీ నాయనకేం పొయ్యాలె?" అని అన్నను అడిగింది.

"నీళ్లు పొయ్యి. ఇంట్ల సారా వద్దు."

అమ్మ నాన్నకు నీళ్లు పోసింది. సీసాలోది సగం కూరలో పోసి, ఎప్పటిలాగే ఉప్పు వేసింది. కూర ఉప్పుకషాయమైంది. అన్న మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"చూసినవా అమ్మా, సారా లేకున్నా ఎంత మంచిగైందో."

"తిను బిడ్డా," అంది అమ్మ. తను ఒక్క ముద్ద తిని, మిగతా అన్నంలో నీళ్లు పోసుకుంది. ఇప్పసారా సీసాను మూత తీయకుండానే అటక మీద పెట్టింది. ఏడాదికొక్కసారి నాన్నకు దక్కే దొప్పెడు కూడా ఆ రోజు దక్కలేదు.

అన్న వెళ్లాక కడిగిన గిన్నెల పక్కన ఆ సగం సీసా మిగిలింది. దాని మీద ఉన్నది: ఉప్పు, ఒకటిన్నర శాతం. ఆల్కహాల్, పద్నాలుగు శాతం.