రాతి దుమ్మా, క్షయా?

యుద్ధం జరుగుతున్న రోజులవి. మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి ఆవరణలోనే మా కాపురం. మావారు అక్కడ డాక్టరు. బండలు కొట్టేవాళ్ల ఊపిరితిత్తులను తినేసేది రాతి దుమ్మేనని ఆయన నమ్మకం. మద్రాసులోని పెద్ద డాక్టర్లు మాత్రం అంతా క్షయే అని కొట్టిపారేసేవారు.

ఆ ఏడు పుంగనూరు పక్క పల్లె మనిషినొకణ్ణి తెచ్చి చేర్చారు. కుప్పం దగ్గర బండ కొట్టేవాడు. ఉలితో బొక్క వేసి, అందులో నిండిన పొడిని సన్నని గొట్టం పెట్టి నోటితో ఊదడం వాళ్ల పద్ధతి. ఆ పొడంతా తిరిగి ముఖానికే కొట్టేది. నీళ్లు పోసి తీయకూడదా అని మావారు అడిగితే ఆయాసపడుతూనే నవ్వాడు.

"తాగేదానికే నీళ్లు లేవప్పా ఆడ. బండకు యాడ తెచ్చి పోసేది?"

అతని భార్య మా వరండాలో కూర్చునేది. క్షయ ఇంటిదని ఊళ్లో ఆమెను బావి తాకనిచ్చేవారు కాదు. తోటికోడలే కడవను దూరంగా పెట్టించి నీళ్లు పోసేదట.

"దుమ్ము జబ్బని డాక్టరయ్య చెప్తే సాలమ్మా. మళ్లా బావికాడికి పోతాను" అనేది.

అతను పోయాడు. శవాన్ని కోసి ఊపిరితిత్తులు తీసి చూస్తే తప్ప నిజం తేలదు, అతని భార్యను నువ్వే అడుగు అని మావారు నన్ను పంపారు. వాళ్లూ మాలాగే క్రైస్తవులు; వెళ్లి ఆమెను అడిగాను.

"రేపు ప్రభువు పిలిస్తే, రొమ్ములో ఏమీ లేకుండా గోరీలోంచి ఎట్ల లేస్తాడమ్మా?"

మా నాయన ఇంట్లో బైబిలు చేతికిచ్చి నేర్పిన చదువే నాది. "మంటితో మనిషిని చేసినాయనకు అదేమంత పని తల్లీ" అన్నాను.

"దుమ్మేనని తేలాల. అందుకే ఒప్పుకుంటాండా" అందామె.

సాయంత్రం మావారు వచ్చి చెప్పారు. కోస్తుంటే కత్తి కింద ఇసుక తగిలినట్టు గరగరమందట. రాయి ఉంది. అది పాడుచేసిన చోట క్షయ కూడా చేరింది. ఆమెకు రెండూ చెప్పారు.

"రెండోది కాయితంలో రాయకుంటే ఏమప్పా?"

"దాన్ని దాస్తే మొదటిది కూడా ఎవరూ నమ్మరమ్మా."

తర్వాత ఆమెను పరీక్షించి, జబ్బు లేదని తేల్చుకున్నారు. తానే ఆమెను వెంటబెట్టుకుని బస్సులో ఆ పల్లెకు పోయి, బావి దగ్గర అందరి ఎదుటా ఆమె చేతి నీళ్లు తాగారు.

"మీరు డాక్టరు, మందులుండాయి, తాగుతారు. మాకేముండాది?" అన్నాడట ఒక పెద్దమనిషి.

ఆ ఊపిరితిత్తుల మీద రాసిన వ్యాసం చూసే మావారికి మద్రాసులో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే ఉద్యోగమిచ్చారు. అన్నం ముందు చేసే ప్రార్థనలో ఆమెను తలచుకోకుండా నేను ఏనాడూ ముద్ద ఎత్తలేదు.

మేం సామాను సర్దుకుంటుండగా ఆమె ఆస్పత్రి చీరలో కనబడింది. క్షయ వార్డులో ఆయాగా చేరిందట. భయం లేదా అని అడిగాను.

"ఈడ బావికాడ నన్నెవురూ పో అనరు కదమ్మా" అంది.