హనుమండ్లు మామ అడిగిన మచ్చు

ప్రతిదానికీ మచ్చు అడిగే గుణం మనిషికి పుట్టుకతో వస్తుందా, నడుమ ఎక్కడో దెబ్బ తగిలి వస్తుందా? సుల్తానాబాద్ హనుమండ్లు విషయంలో ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ధాన్యం వ్యాపారి దగ్గర ఆయన పని. బస్తాలో సన్నటి ఇనుప గొట్టం దించి, మచ్చుకు నాలుగు గింజలు లాగి, పంటి కింద కొరికి రకం చెప్పేవాడు. పని సాయంత్రానికి అయిపోయేది. గుణం మాత్రం ఆయన వెంటే ఇంటికొచ్చేది.

పుచ్చకాయకు మచ్చు అందరూ అడుగుతారు. ఈయన కటింగు షాపులో కుర్చీ ఎక్కి, "ముందుగాల ఒక దిక్కు కొట్టు. మంచిగుంటే రెండో దిక్కు సూద్దాం" అనేవాడు. పెళ్లిచూపుల్లో అందరూ పిల్లను పాట పాడమంటుంటే, "పాటెందుకు? జర నాతోని కొట్లాడు పిల్లా, ఎట్లుంటదో సూస్త" అన్నాడు. ఆ పిల్ల, అంటే ఇప్పటి ఆయన భార్య శంకరవ్వ, సంకోచించలేదు. "గా మచ్చు ఇంక ఒడువలేదు, నడుస్తనే ఉన్నది" అంటుంది ఆమె ఇప్పటికీ.

ఇటువంటి మనిషిని వెంటబెట్టుకొని కోర్సు వెతకడానికి పోవలసి వచ్చింది నవనీతకు. ఆమె హనుమండ్లు చెల్లెలు రోజారాణి కూతురు. పెద్దపల్లిలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పని. ఇంగ్లీషులో ఎమ్మే చదివింది. వియత్నాం పోయి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలని కోరిక. పరాయి భాషవాళ్లకు ఇంగ్లీషు చెప్పడానికి వేరే శిక్షణ కావాలట. ఆ శిక్షణ ఇస్తామనే ప్రకటనలు ఆమె ఫోన్లో ఈగల్లా ముసిరాయి.

కోరిక ఎంతుందో భయం అంతకు రెట్టింపు. పక్క గల్లీ నరేశ్ కంప్యూటరు ఉద్యోగమని కంబోడియా పోయాడు. దిగీ దిగగానే పాస్‌పోర్టు గుంజుకొని, నాలుగు గోడల నడుమ పడేసి, మోసం ఫోన్లు చేయించారు. ఎట్లాగో తిరిగొచ్చాడు కానీ, ఫోన్ మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడి గోడకు ఆనుకుంటాడు. నవనీత అతని ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా నడక వేగం పెంచేది. "మామ లేంది నువ్వు ఏడికీ పోవద్దు" అని రోజారాణి ఒట్టు వేయించుకుంది.

కరీంనగర్‌లో మొదటి కోర్సు. మూడో అంతస్తు, అద్దాల తలుపులు, గోడంతా విమానం బొమ్మ. కోటు వేసుకున్న డైరెక్టరు నవ్వుతూ కూర్చోబెట్టాడు.

"అంతా ఫోన్లోనే మేడం. వీడియోలు చూడాలె, బటన్ నొక్కాలె. ఎవరి ముందటా నిలబడుడు లేదు. ఉద్యోగం గ్యారంటీ. పాస్‌పోర్టు ఇయ్యాలనే ఇస్తే సీటు మీదే."

ఎవరి ముందూ నిలబడనక్కర లేదు అన్నమాట దగ్గరే నవనీత ప్రాణం లేచొచ్చింది. పది మంది చూస్తుంటే ఆమెకు నోరు పెగలదు. సంచిలోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. డైరెక్టరు దాన్ని సొరుగులో వేశాడు.

"సారూ" అన్నాడు హనుమండ్లు. "ఓ మచ్చు."

"మచ్చా?"

"నాకు ఇంగ్లీషు రాదు. నన్ను పరాయి దేశపోడు అనుకోండ్రి. తెలుగు మాట్లాడకుంట ఒక్క ముక్క నేర్పుండ్రి, సూస్త."

డైరెక్టరు పగలబడి నవ్వాడు. బయట ఉన్న ఇద్దర్ని పిలిచి, "గీ పెద్దమనిషికి ఏబీసీడీలు కావాల్నట!" అన్నాడు. వాళ్లూ నవ్వారు. నవనీతకు నేల చీలితే బాగుండుననిపించింది. హనుమండ్లు కూడా వాళ్లతో పాటే నవ్వాడు.

"సరే గాని సారూ, గా పాస్‌పోర్టు జర మచ్చుకు ఇయ్యుండ్రి. పిల్ల ఫొటో ఎట్ల పడ్డదో నేను ఇంక సూడలే."

నవ్వులోనే ఇచ్చేశాడతను. హనుమండ్లు దాన్ని బనీను లోపల పెట్టుకొని, "పా బిడ్డా" అంటూ మెట్లు దిగాడు.

బస్టాండు దాకా నవనీత మామకు ముందు విసవిసా నడిచింది. అక్కడ ఇక ఆపుకోలేకపోయింది. "నా ఇజ్జత్ తీసినవ్ మామా! సీటు పోయింది. నువ్వేమన్న వడ్లు కొంటున్నవా?"

"వడ్లయితే కొరికి సూస్తుంటి" అన్నాడాయన. ఆమెకు నవ్వు రాలేదు.

రెండో చోటు మంచిర్యాలలో, స్టేషన్ దగ్గర రెండు గదులు. మమతారాణి అనే ఆమె పరాయి దేశాల్లో పాఠాలు చెప్పి వచ్చి నడుపుతోంది. గోడ మీద విమానం లేదు, గ్యారంటీ అసలే లేదు.

"ఉద్యోగం మీరే వెతుక్కోవాలె. నా దగ్గర మాత్రం ఇంగ్లీషు రానోళ్ల ముందట నిలబడి పాఠం చెప్పాలె. నేను వెనక కూసుండి తప్పులు రాస్త. గది చెయ్యకుంట సర్టిఫికెట్ ఇయ్య" అంది ఆమె.

నవనీత సంచి భుజానికి తగిలించుకుంది. లేచి వెళ్లిపోదామనుకుంది. ఈలోగా హనుమండ్లు మచ్చు అడగనే అడిగాడు.

మమతారాణి నవ్వలేదు. బల్ల మీది చాయ్ కప్పు ఎత్తి, "కప్" అంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకొని, "మై కప్" అంది. ఆయన ముందుకు జరిపి, "యువర్ కప్" అంది. తల అడ్డంగా ఊపి "నాట్" కూడా నేర్పింది; ఆ ఆట కాసేపు సాగింది. చల్లారిన చాయ్‌లో చీమ కనిపించగానే హనుమండ్లు కప్పును ఆమె వైపు నెట్టి, "నాట్ మై కప్" అన్నాడు. పొట్ట పట్టుకొని మరీ నవ్వింది మమతారాణి.

బయటికొచ్చాక నవనీత, "మంచిగనే ఉంది మామా, ఏం చెయ్యమంటవ్?" అంది. లోపల మాత్రం వద్దనాలనే వేడుకుంది.

"ఆగు. పిడికెడు సూస్తే సరిపోదు. ఇంక సూడాలె."

రోజులు గడిచాయి. మామ ఫోన్ చేస్తే ఎత్తడు. ఇంట్లో ఉండడు. "పొద్దుగాల పోతడు, మాపటికి వస్తడు. అడిగితే ఇంగ్లీషుల ఏందో గొణుగుతడు" అని శంకరవ్వ మొత్తుకుంది. కరీంనగర్ నుంచి మాత్రం ఫోన్లు ఆగలేదు. ఇయ్యాలే ఆఖరు, ఇయ్యాలే ఆఖరు. నిలబడటమంటే భయం, నరేశ్ గోడలంటే భయం. ఏ భయం వైపు పోవాలో తెలియక నవనీత అన్నం కూడా సరిగా తినలేదు. చివరికి కరీంనగర్‌కే సరే అందామని, పాస్‌పోర్టు కోసం సుల్తానాబాద్ పోదామని చెప్పులు వేసుకుంటుంటే, మామ తానే ఫోన్ చేశాడు.

"మంచిర్యాలల చేరు బిడ్డా. ఫికర్ చెయ్యకు" అని పెట్టేశాడు.

మంచిర్యాలలో చేరిన నవనీత పాఠం చెప్పవలసిన మొదటి రోజు రానే వచ్చింది. ఎదురుగా కిరాణా షాపాయన, దుబాయి పోబోయే మల్లేష్, మిషన్ కుట్టే ఆడవాళ్లు, మూలన తలకు తువ్వాల చుట్టుకొని హనుమండ్లు. నవనీత నోరు తెరిచింది. మాట రాలేదు. తలుపు ఎటుందో చూసుకుంది.

"టీచర్!" మూల నుంచి మామ లేచాడు. "యువర్ నేమ్ హనుమండ్లు!"

"నీ పేరు గాదా గది?" అంది మిషన్ కుట్టే ఆమె. "మై అనాలె, మై!"

"గట్లయితే యువర్ నేమ్ మై!" అన్నాడాయన మొండిగా.

గదంతా ఘొల్లుమంది. నవనీతకు తెలియకుండానే చెయ్యి గుండె మీదికి పోయింది. "మై నేమ్ ఈజ్ నవనీత" అంది. గొంతు సన్నగా వచ్చింది, కానీ వచ్చింది. మల్లేష్ పేరు అడిగింది. చెప్పాడు. కిరాణా ఆయనను అడిగింది. భయం పోలేదు, పక్కకు జరిగి చోటిచ్చింది.

అందరినీ జంటలుగా మాట్లాడుకొమ్మని చెప్పి చూస్తే, మూల కుర్చీ ఖాళీ.

"మా మామ ఏడి?" అని మమతారాణిని మెల్లగా అడిగింది.

"పోయినట్టున్నడు. మీరు చేరకముందు నుంచే రోజూ వస్తుండు గద. అందరి పాఠాల్ల కూసున్నడు. తెలిసింది గుడ కావాలనే తప్పు చెప్తుండె. ఏందయ్యా నీ కథ అని ఒకనాడు నిలదీసిన. మా పిల్ల పిరికిది మేడం, తప్పు చెప్పినోణ్ణి మీ తాన కసురుతరా, నవ్వుతరా అని సూస్తున్న అన్నడు."

నవనీత కిటికీ దగ్గరికి పోయింది. హనుమండ్లు తువ్వాల దులిపి భుజాన వేసుకొని, వెనక్కి చూడకుండా స్టేషన్ వైపు నడుస్తున్నాడు. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరమే.

"టీచర్" అన్నాడు వెనక నుంచి మల్లేష్. "గిది జర మళ్లొకసారి చెప్పుండ్రి."

ఆమె కిటికీ వదిలి బోర్డు దగ్గరికి వచ్చింది.